పెద్దమ్మకు నేను తెచ్చి ఇచ్చిన మాట

నా చిన్నప్పుడు ఒక మాటను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మోసుకొచ్చాను. ఆ సంగతి చెబుతాను, కాస్త దగ్గరకు జరిగి కూర్చోండి. నా గొంతు ఇప్పుడు గుమ్మం దాకా కూడా పోవడం లేదు. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దింపి రండి, నేను ఆగుతాను. మధ్యలో లేచిపోతే మిగిలేది నవ్వులాట ఒక్కటే. అసలు సంగతి ఆ తర్వాత ఉంది.

మా ఊరు గురజాల నుంచి మాచర్ల పోయే బాట పక్కన ఉండేది. జొన్న, మిరప వేసేవాళ్ళం. వాన పడితే పంట, పడకపోతే ఆకాశం వంక చూడటం. ఊరికి మైలు దూరంలో మిషను బంగళా, దాన్ని ఆనుకుని చిన్న ఆసుపత్రి. బంగళాలో ఉండే దొరసానే ఆ ఆసుపత్రికి డాక్టరు. మా తాతయ్య, అంటే మా అమ్మను కన్నతండ్రి, ఆమెకు వంట చేసేవాడు. సంతకం చేయడం కూడా రాని మనిషి, కాని ఇంగ్లీషు చెవిన పడితే చాలు, అర్థం చెప్పేవాడు. ముప్పై ఏళ్ళు గిన్నెలు మోస్తూ, వడ్డిస్తూ, గోడకు ఆనుకుని నిలబడి విని నేర్చుకున్న ఇంగ్లీషు అది. అందుకే ఆయనకు మాటతో పాటు ఆ మాట ఎవరు ఎవరితో, ఏ మొహం పెట్టి అన్నారో కూడా గుర్తుండేది.

మా ఇంటి పక్కన ఒక పెద్దమ్మ ఉండేది. చుట్టరికం లేదు, వరస కలుపుకున్నాం. భర్త ఎప్పుడో పోయాడు, అయినా గాజులు తీయలేదు. పిల్లలు లేరు. మొదటి నుంచీ భారీ మనిషే. నడిచొస్తుంటే ముందు గాజుల చప్పుడు, ఆ తర్వాత ఆయాసం, ఆ తర్వాత ఆమె వచ్చేది. ఊళ్ళో ఆమెకు ఒక పని ఉండేది.

మా వాడలో క్రైస్తవుల ఇళ్ళన్నిటా ఒక అలవాటు ఉండేది. పూటకు కావలసిన జొన్నలు తీసుకునేటప్పుడు ఇంటి ఆడమనిషి అందులోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన పెట్టిన ముంతలో వేసేది. దేవుడి పిడికిలి అనేవాళ్ళం దాన్ని. శనివారం పెద్దమ్మ గంప ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ ముంతలు ఒంపించుకుని మిషను గుడికి చేర్చేది. అక్కడి నుంచి అవి దిక్కులేనివాళ్ళకు పోయేవి. ముంత ఒంపే వేళకు ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. చూరు వంక చూసేది, కోళ్ళ వంక చూసేది. ఒకసారి ఎందుకని అడిగాను. "ఎవురింట్లో ఎంతుందో నాకెందుకే పిల్లా? చూస్తే గుర్తుంటది" అంది.

నాకు తొమ్మిదేళ్ళున్న ఆ ఏడు వాన మొహం చాటేసింది. యుద్ధం రోజులు కూడాను. మూడు పూటలు రెండయ్యాయి, రెండు ఒకటిన్నర అయ్యాయి. మా అమ్మ రవిక భుజాల దగ్గర వదులైంది. వాడలో అందరూ ఎండు మిరపకాయల్లా ముడుచుకుపోతుంటే పెద్దమ్మ ఒక్కతే ఇంకా ఇంకా లావవుతూ వచ్చింది. మొహం గుండ్రంగా అయింది, కాళ్ళు రోకళ్ళలా అయ్యాయి. గాజులు మోచేతి వైపు జరగడం మానేశాయి.

చూసేవాళ్ళ కళ్ళు ఊరుకుంటాయా? బావి దగ్గర ఆడవాళ్ళు చేద వదులుతూ అనుకునేవాళ్ళు.

"గంప మోసేదీ ఆమే, గుళ్ళో ఒంపేదీ ఆమే. మధ్యలో ఏవైద్దో ఎవుడు చూశాడు?"

"దేవుడి పిడికిలి బాగానే ఒంటబట్టినట్టుంది!"

మా అమ్మ ఆ మాటలు విని "నోర్మూసుకోండే" అనేది. కాని గట్టిగా అనేది కాదు. ఆకలిగా ఉన్నప్పుడు మంచివాళ్ళకు కూడా గట్టిగా మాట్లాడే ఓపిక ఉండదు.

మధ్యాహ్నం పూట నేను తాతయ్యకు అంబలి పట్టుకుని బంగళాకు పోయేదాన్ని. వండేది దొరసానికైనా ఆయన తాగేది మా ఇంటి అంబలే. ఒకనాడు వంటింటి వెనకాల కోళ్ళు అమ్మేవాడు గంప దించాడు. దొరసాని ఒక కోడిని ఎత్తి, రొమ్ము దగ్గర వేళ్ళతో నొక్కి చూసి, "ఫ్యాట్! వెరీ ఫ్యాట్! గుడ్!" అని మురిసిపోయింది. నాకు ఆ మాట చప్పుడు నచ్చింది. నోట్లోంచి రాయి విసిరినట్టు ఉంది. అర్థమేమిటని తాతయ్యను అడిగితే, ఈకలు పీకే పనిలో ఉండి, తల ఎత్తకుండానే చెప్పాడు. "బాగా కొవ్వు పట్టిందంట కోడి."

దారి పొడుగునా ఆ మాట అనుకుంటూ ఇంటికొచ్చాను. వాడలో నా జతగత్తెలు ఇద్దరికి నేర్పాను. తెలుగులో ఎవరినన్నా లావుదానా అంటే పెద్దవాళ్ళు చెంప పగలగొడతారు. ఇంగ్లీషులో అంటే ఎవరు పట్టుకుంటారు? అదీ మా తెలివి.

ఆ శనివారం పెద్దమ్మ గంపతో సందు మలుపు తిరగ్గానే ముగ్గురం వరసగా నిలబడి, చేతులు నుదుటికి ఆనించి, "గుడ్ మార్నింగ్ ఫ్యాట్ పెద్దమ్మా" అన్నాం. ఆమె ఆగింది. ఆయాసం తగ్గేదాకా మమ్మల్ని చూసింది.

"ఏందే అది? తిట్టా?"

ఇద్దరూ నా వంక చూశారు. నేను కళ్ళు కూడా ఆర్పకుండా చెప్పాను. "తిట్టు కాదు పెద్దమ్మా. దొరసాని గొప్పోళ్ళని అట్టా అంటది. మా తాతే చెప్పాడు."

"నిజంగానా?"

"దేవుడి తోడు."

పెద్దమ్మ మొహంలో అప్పుడు వచ్చిన వెలుగు ఈ రోజుకీ నా కళ్ళ ముందు ఉంది. కొంగుతో మొహం తుడుచుకుని, గంప సర్దుకుని, రెండిళ్ళు దాటాక తనలో తాను ఆ మాట అనుకుంటూ పోవడం విన్నాం. మేం గోడ చాటుకు పోయి పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ తర్వాత నాలుగు వారాలు అదే ఆట. మేం మరిచిపోతే ఆమే గుర్తు చేసేది. "ఏమే, ఇయ్యాల దండం పెట్టరా దొరసాని మాట చెప్పి?" అని అడిగి మరీ అనిపించుకునేది.

ఆ ఏటి కోతల పండుగ వచ్చింది. పంట లేకపోయినా పండుగ చేశారు. గుడి ముందు పందిరి వేసి, ఉన్నవాళ్ళు ఉన్నది తెచ్చి పెట్టారు. సొరకాయ, నాలుగు మిరపకాయలు, ఒక కోడిపెట్ట. దొరసాని వచ్చింది. ఆమె వెనకాల ఆసుపత్రి కాంపౌండరూ, వడ్డన చూడటానికి మా తాతయ్యా వచ్చారు. కానుకలు తెచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ దొరసాని ముందుకు పోయి దండం పెట్టి, తామెవరో చెప్పుకుంటున్నారు. పెద్దమ్మ గంప దించి, నిటారుగా నిలబడి, అందరికీ వినపడేటట్టు అంది. "దండాలమ్మా. నేను ఫ్యాట్ పెద్దమ్మని. ఈ ఊళ్ళో నన్నట్టా అంటారమ్మా."

 దొరసాని మొహం ఎర్రబడింది. ఆమెకు తెలుగు బాగా వచ్చు, కాని ఆమె కన్నా ముందు కాంపౌండరు అందుకున్నాడు.  పక్కున నవ్వి, చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం చెప్పాడు. "ఒళ్ళు కొవ్వెక్కిందాన్ని అని చెప్పుకుంటంది రా! దొరసాని కోడిని కొనేటప్పుడు అనే మాట!" ఆ నవ్వు పందిరి ఆ చివరి దాకా పాకింది. వెనకాల నుంచి ఎవరో ఆడమనిషి, "నిజమేగా, దేవుడి జొన్నల కొవ్వు" అంది. బావి దగ్గర గొంతు తగ్గించి అనుకున్నది ఆ రోజు పందిట్లో గొంతెత్తి వచ్చింది.

దొరసాని కాంపౌండరును కసిరి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమె కాళ్ళ వంక చాలాసేపు చూసి, "రేపు ఆసుపత్రికి రా అమ్మా. నిన్ను చూడాలి, నిన్ను తూచాలి" అంది. కాంపౌండరు నోరు అప్పటికీ మూతపడలేదు. "తూచాలంటే మిరపబస్తాల కాటా తెప్పియ్యాల" అని గొణిగాడు. అది పెద్దమ్మ విన్నది. నేనూ విన్నాను. ఆమె గంప అక్కడే వదిలేసి, మెల్లగా, ఎవరినీ చూడకుండా ఇంటికి నడిచింది. నా ముందు నుంచే పోయింది. నన్ను తిట్టలేదు. మొహం పక్కకు తిప్పుకుంది, మా ముంత ఒంపేటప్పుడు తిప్పుకున్నట్టే.

మర్నాడు ఆమె ఆసుపత్రికి పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. తలుపు వేసుకుని ఉండిపోయింది. మా అమ్మ పిలిస్తే, "బాగానే ఉన్నాలే, నన్ను ఆ కాటా ఎక్కియ్యమాకండి" అని లోపలి నుంచే జవాబు. దొరసాని రెండుసార్లు కబురు పెట్టింది. ఆ కాళ్ళు చూస్తే భయంగా ఉంది, ఆలస్యం చేస్తే మనిషి దక్కదు అని తాతయ్యతో చెప్పింది. అయినా పెద్దమ్మ కదలలేదు.

మూడో రోజు అంబలి తీసుకుపోతే తాతయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. కూర్చోమన్నాడు. సగం కాయలు నా ఒళ్ళో పోశాడు. ఆ మాట ఎవరు నేర్పారని అడగలేదు, ఆయనకు తెలుసు. నేను ఏడుపు మొదలుపెడితే, "ఏడిస్తే కాయలు తెగవు, తీయి" అన్నాడు. తర్వాత ఒక్కో కాయా విరుస్తూ చెప్పుకుపోయాడు.

"ఇదుగో ఇను. పాలు తాగే పిల్ల బొద్దుగా ఉందనుకో, చబ్బీ అంటారు. అంటా ముద్దు పెట్టుకుంటారు. వయసులో ఉన్న అమ్మాయిని ప్లంప్ అంటారు. గుంటూరు నుంచి పెద్ద దొర వొస్తాడే, బండి ఎక్కితే బండి మూలుగుద్దే, ఆయన్ని స్టౌట్ అంటారు. దొరసాని అద్దం ముందర నిలబడి తన్ను తానే అనుకుంటది, నేను స్టౌట్ అయితన్నా అని. అనుకుని నవ్వుద్ది. ఫ్యాట్ అనేది పళ్ళెంలో దానికి. కోడికి, పొట్టేలుకి. మనిషి ఎదురుగా ఉంటే ఆ మాట అనటం ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వినలా."

కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు. "ఆ మనిషి పోయి తలుపేసినాక అంటారు. అదీ విన్నా. దొరలైనంత మాత్రాన మంచోళ్ళేం కాదు. అన్నీ ఒంటికి పెట్టిన పేర్లే పిల్లా. ఎవుర్ని చూసి ఏ పేరు బయటికి తీశావో, దాన్ని బట్టి నువ్వేందో తెలుస్తది."

కాయలైపోయాయి. ఆయన నా తల మీద చెయ్యి వేశాడు. "ఈకలు పీకుతా అర్థం చెప్పా చూడు, అది నా తప్పు. మాట నా వంటింట్లోంచే పోయింది. తీసుకుపోయింది నువ్వు. నువ్వే పోయి వెనక్కు తెచ్చుకో." అని ఒక చిన్న గిన్నెలో ఆముదం పోసి ఇచ్చాడు. కాళ్ళకు రాస్తానని చెప్పి లోపలికి పొమ్మన్నాడు.

పెద్దమ్మ తలుపు తీసింది. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని చెప్పింది. నేను ఆముదం గిన్నె పక్కన పెట్టి, తల వంచుకుని చెప్పేశాను. అది గొప్పవాళ్ళను అనే మాట కాదని, కోడిని అనే మాటని, నేను దేవుడి తోడు అని అబద్ధం చెప్పానని.

"తెలుసులేవే" అంది ఆమె. "ఆ రోజే తెలిసిందిగా." చాపిన కాలు కాస్త నా వైపు జరిపింది. తర్వాత, "కాని ఆ నాలుగు వారాలు చానా బాగుండింది పిల్లా. మొగుడు పోయినాక నన్ను మెచ్చుకుంటా ఒక్క మాట అన్నోళ్ళు లేరు. ఆ మాట తలుచుకుంటా గంప మోస్తే బరువు తెలిసేది కాదు" అంది.

ఆ మాట నాకు తాతయ్య చెప్పినదాని కన్నా లోతుగా దిగింది. ఆమె నన్ను కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాళ్ళకు ఆముదం రాశాను. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీస్తే అక్కడ గుంట పడింది. పూడుతుందని చూశాను. పూడలేదు. పచ్చి మట్టిలో వేలు పెట్టినట్టు నా వేలి గుర్తు అలాగే ఉండిపోయింది. ఇంకోచోట నొక్కాను, అక్కడా అంతే. భయం వేసి పొయ్యి వైపు చూశాను. చట్టిలో చేలగట్ల మీద మొలిచే చెంచలి ఆకు ఉడికించిన నీళ్ళున్నాయి. అందులో ఒక్క గింజ లేదు. పొయ్యి పక్కన ఆమె ముంత ఉంది. అది నిండా, అంచుల దాకా జొన్నలు. మా ఇంట్లో ముంత ఆ నెలంతా అడుగు కూడా దాటలేదు.

"ఇయ్యి వండుకోవచ్చుగా పెద్దమ్మా?"

"అయ్యి దేవుడియ్యే" అంది, నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు. "ఒకొక్క ఇంట్లో ముంత ఉత్తిదే ఒంపుతన్నారు, చప్పుడు చేసి. నేనన్నా రెండు పిడికిళ్ళు ఎయ్యకపోతే గంప ఎట్టా నిండుద్ది?"

ఆమె ముంతల్లోకి చూడకపోవడం నిజమే. కాని చప్పుడు వినేది.

నేను పరుగెత్తుకుంటూ పోయి తాతయ్యకు చెప్పాను. గుంట సంగతి, ముంత సంగతి రెండూ చెప్పాను. ఆయన చేతిలో గరిటెతోనే దొరసాని గదిలోకి పోయాడు. మర్నాడు పొద్దున్నే బంగళా ఎడ్లబండి పెద్దమ్మ గుమ్మం ముందు ఆగింది. ఆమె గడప దాటనంది. ఆ కాంపౌండరు ముందు, ఆ కాటా మీద నిలబడేదాని కన్నా ఇక్కడే పోతానంది. తాతయ్య నన్ను ముందుకు తోశాడు.  "నేనొస్తా పెద్దమ్మా, నీ చెయ్యి వొదల్ను" అన్నాను. ఆమె నా వంక చూసి, చెయ్యి చాపింది.

ఆసుపత్రిలో నిలబడి తూగే కాటా ఉంది. పెద్దమ్మ దాని మీదికి ఎక్కి, కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను కింద నిలబడి చెయ్యి పట్టుకునే ఉన్నాను. కాంపౌండరు వంగి ముల్లు చూశాడు. ఆ తర్వాత ఆమె కాలి మీద వేలితో నొక్కి, పూడని గుంట చూశాడు. అతని నోటి నుంచి ఈసారి ఒక్క మాట రాలేదు. అంకె కూడా పైకి చదవలేదు. చెవి మీది పెన్సిలు తీసి అట్ట మీద ఏదో రాశాడు.

పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే నన్ను అడిగింది. "ఏం రాస్తన్నాడే?"

నాకు చదవడం రాదు. అది ఇంగ్లీషో తెలుగో కూడా నాకు తెలియలేదు. అయినా వెంటనే చెప్పాను. "నీ పేరు రాస్తన్నాడు పెద్దమ్మా. చక్కగా, పెద్ద అక్షరాల్తో."

ఆమె వేళ్ళు నా చేతిని ఒకసారి నొక్కి, వదులయ్యాయి. ఆమెతో నేను చెప్పిన రెండో అబద్ధం అది. మొదటిదానికి దేవుడి తోడన్నాను, రెండోదానికి ఏ తోడూ అనలేదు. కాని దేవుడు రెండోదాన్నే లెక్కలోకి తీసుకుని ఉంటాడని నాకొక ఆశ.

ఆమె కడుపు మాడ్చుకోవడం వల్లే ఒళ్ళు ఉబ్బిందని, ఒంట్లో ఉన్నది కొవ్వు కాదు నీరని, గుండె కూడా అలిసిపోయిందని దొరసాని చెప్పింది. డ్రాప్సీ అనే మాటేదో అన్నదట. తిండి లేకపోయినా మనిషి లావుగా కనపడతాడని మా వాడలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం తాతయ్య మా గుమ్మంలో కూర్చుని ఆ మాటను రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. "ముప్పై ఏళ్ళు ఉన్నా. ఆ వంటింట్లో ఈ మాట ఎన్నడూ వినపడలా" అన్నాడు. తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. తాతయ్య ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

పెద్దమ్మ ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. మందులకు నీరు తీసింది. నీరు తీసిన కొద్దీ ఆమె చిన్నదైపోతూ వచ్చింది. చివరికి మంచం మీద ఎముకల మీద చర్మం కప్పిన మనిషి మిగిలింది. గాజులు జారిపోతుంటే తీసి నా చేతిలో పెట్టింది. అవి నాకు పెద్దవి. ఆలస్యమైందని దొరసాని మా తాతయ్యతో చెప్పింది. పండుగ మర్నాడే వచ్చి ఉంటే చూసేవాళ్ళమేమో అంది. ఆ మధ్యలో పోయిన రోజులు నా నోట్లోంచి పోయినవే.

ఆమె పోయాక, శవపెట్టె మోయడానికి ఆరుగురు కావాలని ముందుగా అనుకున్నారు. నలుగురు ఎత్తి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత తేలిక. బావి దగ్గర మాట్లాడిన ఆడవాళ్ళంతా వచ్చారు, గుండెలు బాదుకుని ఏడ్చారు. అది దొంగ ఏడుపు కాదు. కాంపౌండరు కూడా వచ్చి, అందరికీ వెనకాల టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ ముంతలో ఉన్న జొన్నలు ఆ శనివారమే గుడికి చేరాయి. గంప మా అమ్మ ఎత్తుకుంది. నేను ఆమె వెంట నడిచి, ప్రతి ఇంట్లోనూ ముంత ఒంపేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మొన్న నా మనవరాలి కూతురు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. పిల్లలెవరో ఫ్యాటీ అన్నారట. నా ఈడు దాటిపోయినా ఆ మాట చావలేదు, ఇంకో తోక తగిలించుకుని తిరుగుతోంది. ఈ మధ్య ఆసుపత్రి కాగితాల మీద ఓవర్ వెయిట్ అని, ఒబేసిటీ అని రాస్తున్నారు. డాక్టరు కాగితం మీద రాసుకోనీ, అది ఆయన పని. ఆ కాగితాన్ని బజార్లో చదవడం మాత్రం మన పని కాదు.

పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, కాళ్ళకు కాస్త ఆముదం రాశాను. చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీశాను. గుంట పడింది, చూస్తుండగానే పూడిపోయింది. "ఏంది ముసలమ్మా, చక్కిలిగింత" అని నవ్వింది. మా ఇంట్లో ఎవరి కాళ్ళు నా ఒళ్ళోకి వచ్చినా ఎనభై ఏళ్ళుగా నేను చేసే పని అదే. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెప్పాను.

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంట్లో పూటపూటకూ పిడికెడు తీసి పక్కన పెట్టేంత గింజ ఉండుగాక. మీ ముంత ఒంపితే నిండు చప్పుడు వినపడుగాక. మీ పిల్లల ఒంటిని చూసిన ప్రతి నోటికీ చల్లని మాటే తోచుగాక. చల్లగా ఉండండి తల్లీ, మీరూ, మీ వాళ్ళూ.